వావ్ క్లాసిక్‌లో ప్రొఫెషన్ ఎలా ఎంచుకోవాలి?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ (వావ్ క్లాసిక్) అనే ఆన్‌లైన్ గేమ్‌లో కొత్తగా చేరినవాళ్లలో చాలామంది పదో లెవెల్ దాటకముందే బ్లాక్‌స్మితింగో టైలరింగో, ఏదో ఒక ప్రొఫెషన్ (ఆటలోని చేతిపని) నేర్చేసుకుంటారు. 40వ లెవెల్ వచ్చేసరికి బ్యాంకు నిండా ఎవరూ కొనని కత్తులు, అంగీలు పేరుకుపోతాయి. మౌంట్‌కి (ఎక్కి తిరిగే గుర్రం లాంటి జంతువుకి) కావాల్సిన సుమారు 100 గోల్డ్ మాత్రం చేతిలో ఉండదు. "అన్నా, ఓ యాభై గోల్డ్ సర్దుతావా" అని గిల్డ్ (ఆటగాళ్ల బృందం) చాట్‌లో అడగడం అప్పుడు మొదలవుతుంది. వార్‌లాక్, పాలడిన్ క్లాసులవాళ్లకి మౌంట్ ఖర్చు తప్పుతుంది కాబట్టి వాళ్లు గట్టెక్కుతారు, మిగతావాళ్లు నడుస్తూనే ఉంటారు. ప్రొఫెషన్ ఎప్పుడు తీసుకోవాలో, ఏ లెక్క చూసి తీసుకోవాలో తెలిస్తే ఈ తిప్పలేవీ ఉండవు.

ఇదంతా 300 స్కిల్ దగ్గర ఆగే అసలు క్లాసిక్ గురించి. 2007లో బర్నింగ్ క్రూసేడ్ అనే ఎక్స్‌పాన్షన్‌తో వచ్చిన జువెల్‌క్రాఫ్టింగ్, 2008లో లిచ్ కింగ్‌తో వచ్చిన ఇన్‌స్క్రిప్షన్ ఇందులో లేవు.

1. ముందు ఇవి తెలుసుకోండి

ఒక క్యారెక్టర్‌కి రెండే ప్రధాన ప్రొఫెషన్లు. కుకింగ్, ఫిషింగ్, ఫస్ట్ ఎయిడ్ ఆ లెక్కలోకి రావు, మూడూ నేర్చుకోండి. మైనింగ్‌కి పికాక్స్, స్కిన్నింగ్‌కి కత్తి ఊళ్లోనే ట్రేడ్ సామాన్లు అమ్మే వెండర్ దగ్గర దొరుకుతాయి, ఖరీదేమీ కాదు. రెసిపీ నారింజ రంగులో ఉంటే స్కిల్ పాయింట్ ఖాయం. పసుపు, ఆకుపచ్చకు మారేకొద్దీ అవకాశం తగ్గుతుంది, బూడిద రంగుకి వస్తే ఇక రాదు.

2. నలభై దాకా రెండూ గాదరింగే

గాదరింగ్ అంటే ముడిసరుకు పోగుచేయడం. స్కిన్నింగ్ ఒకటి. దానికి జోడీగా హెర్బలిజం గానీ మైనింగ్ గానీ. క్రాఫ్టింగ్ (వస్తువులు తయారుచేసే పని) జోలికి అప్పుడే వెళ్లొద్దు. దారిలో కోసిన మొక్క, తవ్విన ఖనిజం, ఒలిచిన తోలు నేరుగా ఆక్షన్ హౌస్‌కి (ఆటగాళ్లు ఒకరికొకరు వస్తువులు అమ్ముకునే చోటికి) వెళ్తే పెట్టుబడి లేని ఆదాయం. అదే క్రాఫ్టింగ్ అయితే స్కిల్ పెంచడానికి చేసే వస్తువుల్లో సగానికి పైగా వెండర్‌కి అమ్ముకోవాల్సిందే.

హెర్బలిజం, మైనింగ్ రెండూ కలిపి తీసుకోమని చెప్పేవాళ్లు ఎక్కువగానే కనిపిస్తారు. వినకండి. క్లాసిక్‌లో మినీమ్యాప్ మీద ఒకసారికి ఒక్క ట్రాకింగే పనిచేస్తుంది. మొక్కలు కనబడుతుంటే ఖనిజాలు కనబడవు, ఖనిజాలు పెట్టుకుంటే మొక్కలు పోతాయి. ఊరికే బటన్ మార్చుకుంటూ పరుగెత్తాలి, సగం దారిలోనే తప్పిపోతాయి. స్కిన్నింగ్‌కి ట్రాకింగ్‌తో పనే లేదు. చంపిన జంతువు ఎదురుగానే పడి ఉంటుంది.

3. మీరు చేసేది ఎవరు వాడతారు?

నలభై దాటాక, చేతిలో గోల్డ్ నిలిచాక, అప్పుడు క్రాఫ్టింగ్ ఆలోచన. చూడాల్సిందల్లా ఒక్కటే: చేసిన వస్తువు వాడితే అయిపోయేదా, ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉండిపోయేదా? అయిపోయే సరుకు చేసేవాడికి కొనేవాళ్లు ప్రతి వారం తిరిగొస్తారు.

ఆల్కెమీ అందుకే మొదటి స్థానంలో ఉంటుంది. రైడ్‌కి (గుంపుగా పెద్ద శత్రువుల మీదికి) వెళ్లే నలభై మందికీ పోషన్లు, ఎలిక్సిర్లు కావాలి, ఒక్క రాత్రికే ఖాళీ అయిపోతాయి. ఆల్కెమిస్ట్‌కి ఇంకో వరం ఆర్కనైట్ ట్రాన్స్‌మ్యూట్. ఒక థోరియం బార్, ఒక ఆర్కేన్ క్రిస్టల్ కలిపితే ఒక ఆర్కనైట్ బార్ వస్తుంది, తర్వాత రెండు రోజులు ఆగాలి. ఆ ఆగడంలోనే విలువ ఉంది. ఆర్కనైట్ రీపర్ అనే ఒక్క గొడ్డలికి 20 ఆర్కనైట్ బార్లు కావాలి. ఒక ఆల్కెమిస్ట్ ఒక్కడే చేయాలంటే నెల పైమాటే. అందుకే బార్‌కి గిరాకీ తగ్గదు.

ఇంజినీరింగ్‌ది వేరే దారి. ఇందులో బాంబుల్లాంటివి చాలావరకు ఇంజినీర్ మాత్రమే వాడగలడు కాబట్టి అమ్మకం తక్కువ, సొంత బలం ఎక్కువ. గోబ్లిన్ సాపర్ చార్జ్ అనే బాంబు, చనిపోయినవాణ్ని లేపడానికి ప్రయత్నించే జంపర్ కేబుల్స్, దూరపు ఊరికి చేర్చే ట్రాన్స్‌పోర్టర్లు ఇంకెవరి దగ్గరా ఉండవు. 200 స్కిల్ దగ్గర గోబ్లిన్, గ్నోమిష్ దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. గోబ్లినే తీసుకోండి. ఎదుటి పక్షం ఆటగాళ్లతో పోరాడటం మీకు ఇష్టమైతే ఆల్కెమీ కంటే ఇదే మేలు. గోల్డ్ సంపాదించాలని మాత్రం ఇందులోకి రావద్దు.

టైలరింగ్‌కి మెటీరియల్ కోసం ఇంకో ప్రొఫెషన్ అక్కర్లేదు, మనుషుల్లాంటి శత్రువుల దగ్గర బట్ట దొరుకుతుంది. మేజ్, ప్రీస్ట్, వార్‌లాక్‌లకు మంచి రోబ్‌లు ఉన్నాయి. మూన్‌క్లాత్‌కి నాలుగు రోజుల కూల్‌డౌన్ (మళ్లీ చేసేముందు ఆగాల్సిన సమయం) ఉంది కాబట్టి దానికీ ధర నిలుస్తుంది. లెదర్‌వర్కింగ్‌లో డెవిల్‌సార్ చేతొడుగులు, లెగ్గింగ్స్ బాగా అమ్ముడుపోతాయి, కానీ అన్‌గోరో క్రేటర్‌లో ఆ డెవిల్‌సార్‌ల కోసం గుంపులు గుంపులుగా కాపలా కాస్తుంటారు.

ఎన్‌చాంటింగ్ పేరు మేజ్‌కి సలహా ఇచ్చే ప్రతివాడి నోటా వస్తుంది. క్లాసిక్‌లో ఎన్‌చాంట్‌ని (ఆయుధాలకీ కవచాలకీ వేసే మంత్రాన్ని) ఆక్షన్‌లో పెట్టి అమ్మలేరు. నగరంలో నిలబడి ట్రేడ్ చాట్‌లో కేక వేయాలి, కొనేవాడు మీ ఎదురుగా వచ్చి నిలబడాలి. ఆఫీసు నుంచి వచ్చి రోజూ గంటన్నర ఆడేవాళ్లకి ఇది కుదిరే పని కాదు. బ్లాక్‌స్మితింగ్ అయితే పెద్ద గిల్డ్ మెటీరియల్స్ పోగుచేసి ఇస్తేనే తీసుకోండి. సొంత డబ్బుతో 300 చేర్చడం దండగ.

4. లెక్క: అందరూ బోల్తా పడేది ఇక్కడే

పై మూడూ చదివితే వచ్చేస్తాయి. ఇది మాత్రం నెమ్మదిగా చేయాలి.

"మొక్కలు నేనే కోశాను, అంటే నాకు ఫ్రీ. ఎలిక్సిర్ ఎంతకి అమ్మినా లాభమే." ఈ మాట రోజూ వింటాం. సొంత పొలంలో పండిన బియ్యం వాడి ఇడ్లీ హోటల్ పెట్టినవాడు బియ్యం ఖర్చు సున్నా అని రాసుకుంటే హోటల్ ఎన్నాళ్లు నడుస్తుంది? ఆ బియ్యం బజార్లో అమ్మితే వచ్చే ధరే అతని ఖర్చు. మీరు కోసిన మొక్కకీ అంతే. ఆక్షన్ హౌస్‌లో ఈరోజు దానికి ఎంత వస్తుందో అంత ఖర్చు పెట్టి ఎలిక్సిర్ చేస్తున్నట్టు.

ఎలిక్సిర్ ఆఫ్ ది మంగూస్‌తో చూద్దాం. దానికి రెండు మౌంటెన్ సిల్వర్‌సేజ్, రెండు ప్లేగ్‌బ్లూమ్, ఒక క్రిస్టల్ వయల్ (ఖాళీ సీసా) కావాలి. మీ సర్వర్‌లో సిల్వర్‌సేజ్ 45 సిల్వర్, ప్లేగ్‌బ్లూమ్ 35 సిల్వర్ పలుకుతున్నాయనుకోండి. నాలుగు మొక్కలకీ కలిపి 1 గోల్డ్ 60 సిల్వర్. ఎలిక్సిర్ 1 గోల్డ్ 65 సిల్వర్‌కి పోతోంది. ఐదు సిల్వర్ మిగిలిందనిపిస్తుంది. కానీ ఆక్షన్ హౌస్ అమ్మకం మీద 5 శాతం కోసుకుంటుంది, అంటే 8 సిల్వర్ 25 కాపర్. చేతికి వచ్చేది 1 గోల్డ్ 56 సిల్వర్ 75 కాపర్. వయల్ ధర కలపకముందే ప్రతి సీసా మీదా మూడు సిల్వర్లకు పైగా పోయాయి. మొక్కలు అలాగే అమ్మి ఉంటే ఆ కోత మొక్కల మీద పడుతుంది, నిజమే. అప్పుడు 1 గోల్డ్ 52 సిల్వర్ వస్తుంది. రెంటికీ తేడా ఐదు సిల్వర్ లోపే, అందులోంచి వయల్ కొనాలి, చేసే సమయం పోవాలి. మొక్కలు బయట కొని చేసేవాడికైతే నేరుగా నష్టమే. కాబట్టి రెండు లెక్కలూ విడివిడిగా వేయండి: సొంతంగా కోస్తే ఎంత, కొని చేస్తే ఎంత.

ధర చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. అన్నిటికంటే పైన కనబడే ఒక్క ధరనే నమ్మొద్దు. ఎవరో రెండు సీసాలు తక్కువకి పెట్టి ఉండొచ్చు, లేదా ఒకడే మొత్తం కొనేసి రేటు పెంచి ఉండొచ్చు. ఆక్షనేటర్ లాంటి ఆడ్ఆన్ (ఆటకి జోడించే చిన్న ప్రోగ్రామ్) వేసుకుని ఒక వారం పాటు చూడండి. అమెరికా సర్వర్లలో రైడ్లు మంగళవారం, యూరప్ సర్వర్లలో బుధవారం రీసెట్ అవుతాయి, అంటే మళ్లీ మొదటి నుంచి ఆడొచ్చు. ఆ రోజుల్లో ఎలిక్సిర్ రేటు ఎక్కడుందో, వారం చివర ఎక్కడికి పడిందో రాసుకోండి. మొక్కలు చవగ్గా ఉన్నప్పుడు కొని, రైడ్ ముందు రోజు సీసాలు పెట్టేవాడే సంపాదిస్తాడు.

డిపాజిట్ కూడా మరవకండి. వస్తువు అమ్ముడుపోతే అది తిరిగొస్తుంది, పోకపోతే రాదు. వెండర్ ధర ఎక్కువున్న కవచాలకి డిపాజిట్ ఎక్కువ. ఒకే కవచాన్ని పదేపదే ఆక్షన్‌లో పెట్టేవాడి లాభం మొత్తం అందులోనే కరిగిపోతుంది. గాడ్జెట్‌జాన్, బూటీ బే, ఎవర్‌లుక్‌లలో ఉండే ఉమ్మడి ఆక్షన్ హౌస్‌లు 15 శాతం కోస్తాయి. తెలియక అక్కడ పెట్టేవాళ్లు కొల్లలు.

ఇక రెసిపీ. ట్రైనర్ దగ్గర దొరికే రెసిపీ 300 చేరిన ప్రతివాడి దగ్గరా ఉంటుంది, కాబట్టి అందులో లాభం నిలవదు. మంగూస్ రెసిపీ ఫెల్‌వుడ్‌లోని జేడ్‌ఫైర్ సాటిర్లని చంపితే పడుతుంది. ఎన్‌చాంటింగ్‌లో అందరూ అడిగే క్రూసేడర్ ఫార్ములా ఈస్టర్న్ ప్లేగ్‌లాండ్స్‌లో స్కార్లెట్ ఆర్క్‌మేజ్ దగ్గర పడుతుంది. స్కిల్ 300 చేర్చే ఖర్చుకి ఇలాంటి ఒకటి రెండు రెసిపీల ధర కలిపి, రోజుకి వచ్చే లాభంతో భాగించండి. ఎన్ని రోజులకి పెట్టుబడి తిరిగొస్తుందో తెలుస్తుంది. మూడు నెలలు దాటితే ఆ ప్రొఫెషన్ వదిలేయండి.

5. మార్చేటప్పుడు

ప్రొఫెషన్ వదిలేసే బటన్ నొక్కితే స్కిల్ సున్నాకి పడుతుంది, నేర్చుకున్న రెసిపీలన్నీ పోతాయి, ఎంతో కష్టపడి తెచ్చుకున్న అరుదైనవి కూడా. మళ్లీ నేర్చుకున్నా అవి వెనక్కి రావు. అందుకని గాదరింగ్‌ని వదలకండి. మెయిన్ క్యారెక్టర్ మీద హెర్బలిజం, స్కిన్నింగ్ అలాగే ఉంచి, ఆల్కెమీకి ఇంకో చిన్న క్యారెక్టర్ పెట్టుకోండి. 225 స్కిల్ దాకా 20వ లెవెల్ చాలు. ఆపైన 300కి, అంటే ఆర్కనైట్ ట్రాన్స్‌మ్యూట్ చేయడానికి, 35వ లెవెల్ కావాలి. ఆ 35 దాకా కాస్త ఓపిక పట్టండి, తర్వాత ఆ క్యారెక్టర్‌ని ఆక్షన్ హౌస్ పక్కనే నిలబెట్టి మొక్కలు మెయిల్‌లో పంపుకోవచ్చు. రెండు రోజులకోసారి లాగిన్ అయి ఒక బార్ చేసి, ఎలిక్సిర్లు అమ్మకానికి పెట్టి బయటికి వచ్చేయండి.