ఆర్డుయినో చిప్‌ని ఊడదీసి బ్రెడ్‌బోర్డు మీద నడపడం ఎలా?

ఆర్డుయినోలో (ప్రోగ్రాం వేసుకునే చిప్ ఉన్న చిన్న బోర్డు) బ్లింక్ అనే ప్రోగ్రాం వేసి ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పించారా? అందులో హార్డ్‌వేర్ పని అంతా బోర్డు చేసినవాళ్లదే. ఆ పనేమిటో తెలియాలంటే చిప్‌ని బయటికి తీసి మనమే నడపాలి.

కావలసినవి: 28 కాళ్ల ఏటీమెగా 328పి చిప్ సాకెట్‌లో ఉన్న ఆర్డుయినో ఊనో బోర్డు (చదరపు చిప్ అతికించిన రకం వద్దు), బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చే రంధ్రాల పలక), 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (చిప్‌కి క్లాకు కొట్టేది ఇదే), 22 పికోఫ్యారడ్ కెపాసిటర్లు రెండు, 0.1 మైక్రోఫ్యారడ్‌వి రెండు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 330 ఓమ్‌లది ఇంకొకటి, ఎల్‌ఈడీ, వైర్లు. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి. మల్టీమీటర్ మాత్రం అరువు తెచ్చుకునైనా దగ్గర పెట్టుకోవాలి.

1. ఊనోలోనే బ్లింక్ ఎక్కించి, కేబుల్ పీకేయండి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో చిప్‌ని అటో కాస్త, ఇటో కాస్త లేపండి. ఒక పక్కనుంచే లేపితే కాళ్లు వంగుతాయి.

2. బ్రెడ్‌బోర్డు నడిమి గాడికి చెరో పక్క కాళ్లు దిగేలా గుచ్చండి. చిప్ ఒక చివరనుండే గంటు పైకి ఉంటే ఎడమవైపు మొదటిది 1వ పిన్. అక్కడినుంచి కిందికి 14 దాకా, కుడివైపు కిందినుంచి పైకి 28 దాకా లెక్క.

3. 7, 20 పిన్‌లకు 5 వోల్టులు; 8, 22కి గ్రౌండ్. 20ని చాలామంది మర్చిపోతారు. చిప్ తీసేసిన ఊనో బోర్డే తన 5 వోల్టుల, గ్రౌండ్ పిన్‌లనుంచి కరెంటు ఇస్తుంది.

4. 7-8 మధ్య ఒకటి, 20-22 మధ్య ఒకటి 0.1 కెపాసిటర్లు, వీలైనంత దగ్గరగా. చిప్ కరెంటును ఒక్క తీరుగా తాగదు, క్లాకు కొట్టినప్పుడల్లా గుక్కెడు లాగుతుంది. పొడవాటి వైరు ఆ వేగానికి అందుకోలేదు. వీధి కుళాయి ఎక్కడున్నా గుమ్మం దగ్గర బిందె నిండుగా ఉన్నట్టు, ఆ గుక్కెడూ కెపాసిటర్ ఇస్తుంది. మొదట్లో దండగనుకుని వదిలేశాను. పక్కనున్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) టక్కుమన్నప్పుడల్లా చిప్ రీసెట్ అయ్యేది. నేనేమో రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను!

5. 1వ పిన్ నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఇది చిప్‌ని మళ్లీ మొదలుపెట్టించే రీసెట్ పిన్, రెసిస్టర్ లేకపోతే చిన్న అలజడికే రీసెట్ అవ్వొచ్చు.

6. 9, 10 పిన్‌ల మధ్య క్రిస్టల్, ఒక్కో పిన్ నుంచి గ్రౌండ్‌కి 22 పికోఫ్యారడ్. ఊనో చిప్ సెట్టింగు బయటి క్రిస్టల్‌కే, అది లేకపోతే కదలదు. షాపులో కొన్న కొత్త చిప్ మామూలుగా 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. 16కి రాసిన కోడ్ దాంట్లో వేస్తే సెకను కాస్తా 16 సెకన్లవుతుంది.

7. 19వ పిన్ (ఊనోలో 13) నుంచి 330 ఓమ్‌లు, ఎల్‌ఈడీ, గ్రౌండ్. ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర 2 వోల్టులు పోగా మిగిలిన 3ని 330తో భాగిస్తే సుమారు 9 మిల్లీ ఆంపియర్లు. పిన్ గరిష్ఠం 40, అంతదాకా ఎప్పుడూ తేవద్దు.

కరెంటు ఇచ్చేముందు 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ బీప్ కొడుతోందేమో చూడండి. కొడితే ఎక్కడో షార్ట్. ఇచ్చాక 7-8 మధ్య వోల్టేజీ కొలవండి. సున్నా వస్తే చిప్‌ని తిట్టకండి, కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో పక్కనుండే పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది.

వెలిగిందా? ఇదే సర్క్యూట్‌ని ఉచితంగా దొరికే కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీసి, పీసీబీగా (రాగి గీతలతో అచ్చేసిన సర్క్యూట్ బోర్డు) మార్చండి. ఫైళ్లు తయారీకి పంపేముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, చిప్‌ని దానిమీద పెట్టి, కాళ్లు రంధ్రాల మీదే పడుతున్నాయో లేదో చూసుకోండి.