ముఖానికి ఒకటి రాస్తే ఇంకొకటి అయిందా? ముందు ఇది చదవండి

హైదరాబాద్ నిజాంపేటలో మా ఇంట్లోనే ఒక గదిలో చిన్న పార్లర్ నడుపుతాను, పన్నెండేళ్ళు అవుతోంది. పెళ్ళిళ్ళ సీజన్ మొదలైందంటే ఫేషియల్ కోసం వచ్చేవాళ్ళ కంటే "అక్కా, వీడియోలో చూసి ఇది రాశాను, చూడు ఎలా అయిందో" అంటూ వచ్చేవాళ్ళే ఎక్కువ. అందరికీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, ఎక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో అక్కడ ఆ మాట స్పష్టంగా చెప్తాను.

సమస్య ఏదైనా సరే, మొదటి పని ఒక్కటే: రాస్తున్నవన్నీ ఆపేయండి (నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్ క్రీము సంగతి మాత్రం వేరు, అది కింద చెప్తాను). పది రోజులు మామూలు నీళ్ళు, ఘాటు లేని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ముఖానికి ఏదో తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది వస్తుంది.

"ముఖం కడుక్కున్న ఐదు నిమిషాలకే లాగేసినట్టు ఉంటోంది"

హైదరాబాద్‌లో ఈ మాట వింటే నేను అడిగే మొదటి ప్రశ్న, మీకు వచ్చేవి మంజీరా నీళ్ళా (అంటే నల్లా నీళ్ళా), బోరు నీళ్ళా? నిజాంపేట, మియాపూర్, కూకట్‌పల్లి వైపు చాలా అపార్ట్‌మెంట్లలో స్నానానికి బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో వాడతాం. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు సరికదా, జిడ్డుగా ఒక తెట్టు తయారవుతుంది. బకెట్ అంచున తెల్లగా పట్టేది, కుళాయి మూతికి గట్టిగా పేరుకునేది ఈ లవణాలూ ఈ తెట్టూ కలిసినదే. అది ముఖం మీద కూడా మిగిలిపోయి చర్మాన్ని పొడిబారుస్తుంది. మనమేమో "సరిగ్గా శుభ్రం కాలేదు" అనుకుని ఇంకోసారి సబ్బు పెడతాం.

మీ నీళ్ళు ఎలాంటివో ఇంట్లోనే చూసుకోవచ్చు. మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ సీసాలో సగం దాకా స్నానం నీళ్ళు పోసి, సబ్బు బిళ్ళ నుంచి చాకుతో గోరంత ముక్క గీకి వేసి, గట్టిగా ఇరవై సార్లు ఊపండి. పైన తెల్లటి నురగ నిలబడి, కింద నీళ్ళు కాస్త తేటగా ఉంటే పర్వాలేదు. నురగ లేకుండా నీళ్ళన్నీ పాలలా అయిపోయి పైన తెట్టు తేలితే అవి గట్టి నీళ్ళే, అంటే లవణాలు ఎక్కువున్నవే.

దీనికి వేలు పోసి మెషీన్ పెట్టించుకోవాలని నేను చెప్పను. ముఖానికి సబ్బు మానేసి సబ్బు లేని ఫేస్‌వాష్ వాడండి, గట్టి నీళ్ళలో దానికి తెట్టు కట్టదు. ఆఖరి కడుగు మాత్రం ఒక చెంబుడు తాగే నీళ్ళతో కానివ్వండి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. ఒక్క జాగ్రత్త, ఆర్వో ఫిల్టర్ పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్ళు వృథా ఎందుకని పట్టి ముఖం కడిగేవాళ్ళు ఉన్నారు. ఫిల్టర్ తీసేసిన లవణాలన్నీ ఉండేది ఆ నీళ్ళలోనే. అవి నేల తుడవడానికి వాడుకోండి.

"నిమ్మరసం రాస్తే మంట పుట్టింది, ఇప్పుడు ఆ చోట నల్లబడింది"

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే తెల్లబడాలని రాసుకున్నదే నలుపు తెస్తుంది. మన చర్మం సహజంగా కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, దాని పీహెచ్ (ఆమ్ల గుణాన్ని కొలిచే అంకె) సుమారు 5. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. ఈ స్కేలులో ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు లెక్క, కాబట్టి మూడు అంకెలంటే వెయ్యి రెట్లు. వంటసోడా దానికి ఎదురు వైపుకి లాగుతుంది, పీహెచ్ 8 దాటుతుంది. రెండూ కలిపి రాసేవాళ్ళూ ఉన్నారు, దయచేసి వద్దు.

రెండో సంగతి ఎండ. నిమ్మజాతి కాయల్లో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం నిజంగానే కాలుతుంది. వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత ఎర్రబడి, కొందరికి బొబ్బలెక్కి, తర్వాత గోధుమ రంగు మచ్చ పడుతుంది. పోయిన మే నెలలో మా పై అంతస్తు అమ్మాయి వచ్చింది, మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా నాలుగు గోధుమ రంగు చారలు, సన్నగా, చివర బొట్టులాగా లావుగా. ఏమీ రాసుకోలేదంది. అడగ్గా అడగ్గా తేలింది ఏంటంటే, బాల్కనీలో ఎండలో కూర్చుని షర్బత్‌కి రెండు డజన్ల నిమ్మకాయలు పిండిందట. రసం చేతి మీద ఎలా జారిందో అచ్చు అలాగే మచ్చ పడింది.

బొబ్బలు ఉంటే డాక్టర్‌కి చూపించండి. మచ్చ మాత్రమే మిగిలితే రుద్దకండి, స్క్రబ్ చేయకండి, దాని మీద ఇంకో చిట్కా వేయకండి. ఉదయం సన్‌స్క్రీన్, రాత్రి వాసన లేని మాయిశ్చరైజర్. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా, కానీ తగ్గుతుంది. నలుగు పెట్టుకోవాలని ఉంటే సెనగపిండిలో నిమ్మకాయ బదులు పుల్లబడని పెరుగు కలుపుకోండి. అందులోనూ ఆమ్లం ఉంటుంది, కానీ చాలా నెమ్మదైనది. వారానికి ఒకసారి, ఎనిమిది నిమిషాలు చాలు.

సన్‌స్క్రీన్ గురించి ఇక్కడే చెప్పేస్తా. ఎస్‌పీఎఫ్ 30 తగ్గకుండా, చూపుడు వేలూ మధ్య వేలూ పొడవునా రెండు గీతలు పిండితే వచ్చేంత, ముఖానికీ మెడకీ కలిపి. బఠాణీ గింజంత రాసి "పని చేయలేదు" అనకండి. స్కూటీ మీద తిరిగేవాళ్ళు స్కార్ఫ్ కట్టుకున్నా సరే రాయాలి, పల్చటి గుడ్డలోంచి ఎండ దూరుతుంది.

"ముల్తానీ మట్టి వేసుకుంటే మొటిమలు తగ్గాయి, కానీ చర్మం పొట్టు రేగుతోంది"

మట్టి తప్పు కాదు, టైమ్ తప్పు. ఆరి బీటలు వారేదాకా, నవ్వితే ముఖం చిట్లేదాకా ఉంచుకుంటున్నారు. మట్టి మొదట జిడ్డు పీలుస్తుంది, ఆరేకొద్దీ చర్మాన్ని కూడా పొడిబారుస్తుంది. అంచులు రంగు మారడం మొదలయ్యి మధ్యలో ఇంకా తడిగా ఉన్నప్పుడే కడిగేయాలి. డిసెంబర్, జనవరి నెలల్లో మన దగ్గర గాలే పొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు జిడ్డు చర్మం వాళ్ళు కూడా తగ్గించుకోండి, పొడి చర్మం వాళ్ళు మానేయండి.

"నుదుటి మీద ఆవగింజల్లాంటి పొక్కులు, ఎంతకీ పోవు"

ముఖానికి ఏం రాస్తున్నారో కాదు, తలకి ఏం రాస్తున్నారో చెప్పండి. రాత్రి కొబ్బరినూనె బాగా పట్టించి పడుకుంటే అది నుదుటి మీదకి, దిండు గలీబు మీదకి, అక్కడి నుంచి బుగ్గల మీదకి వస్తుంది. రంధ్రాలు మూసుకుని ఈ చిన్న పొక్కులు లేస్తాయి. నూనె మానమని అనను, మా అమ్మకి ఆ మాట చెప్తే ఊరుకోదు. తలస్నానానికి గంట ముందు పెట్టి, నుదుటి అంచు వదిలేసి, అదే పూట తల రుద్దేసుకోండి. గలీబు వారానికి రెండుసార్లు మార్చండి.

చుండ్రు కూడా ఉంటే నూనె పూర్తిగా ఆపాల్సిందే. చుండ్రుకి సంబంధించిన ఫంగస్‌కి ఆహారం జిడ్డే, పొడిబారి రాలుతోందని నూనె పోస్తే దానికి విందు పెట్టినట్టు. మందుల షాపులో దొరికే కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, తలకి పట్టించి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. చాలామంది రాసిన వెంటనే కడిగేసి పని చేయలేదంటారు. పొక్కులు నుదుటి మీద కాకుండా గడ్డం, దవడ చుట్టూ లోతుగా నొప్పిగా వస్తూ నెలసరి కూడా సరిగ్గా రాకపోతే అది నూనె వల్ల కాదు, హార్మోన్ల సంగతి, డాక్టర్‌ని కలవండి. పేస్టు, వెల్లుల్లి లాంటివి మొటిమ మీద పెట్టకండి, కాలిన మచ్చ మిగులుతుంది.

"కుండీలో కలబంద, స్వచ్ఛమైనదే, అయినా దురద"

ఆకు కోసిన చోట పసుపుపచ్చగా కారే రసం చూశారా? దురద పెట్టేది అది. లోపలి తెల్లటి గుజ్జు కాదు. ఆకు కోశాక కోసిన వైపు కిందకి ఉండేలా గ్లాసులో పావుగంట నిలబెట్టండి, గ్లాసు అడుగున పసుపు నీరు దిగుతుంది. తర్వాత ఆకు కడిగి, తొక్క తీసి, గుజ్జు మళ్ళీ ఒకసారి కడిగి అప్పుడు వాడండి. ముందు మోచేతి మడత లోపలి వైపు రూపాయి బిళ్ళంత రాసి ఒక రోజు చూడాలి. ఈ పరీక్ష పసుపుకీ, హెన్నాకీ, దేనికైనా చేయాలి. మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో వారం పెట్టి వాడొద్దు, ఏ రోజుది ఆ రోజే.

"మెడ వెనక నలుపు, ఎంత రుద్దినా పోవట్లేదు"

స్పిరిట్ తడిపిన దూదితో మెల్లగా తుడిచి చూడండి. దూదికి నలుపు అంటుకుని చర్మం తేటపడితే పేరుకున్న మట్టే. తుడిచినా మారకుండా, చర్మం మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లాగా ఉండి, చంకల్లో కూడా అలాగే ఉంటే ఆ నలుపు చాలామందిలో లోపలి నుంచి వచ్చినది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయనప్పుడు చర్మం ఇలా మందమై నల్లబడుతుంది. దానికి బంగాళాదుంప ముక్కలు కాదు, పరగడుపున షుగర్ పరీక్ష కావాలి. పిల్లల్లో కూడా చూస్తున్నాను, ఇంట్లో వాళ్ళేమో "స్నానం సరిగ్గా చేయవు" అని తిడుతుంటారు. ఆ పిల్ల తప్పేమీ లేదు. బరువు తగ్గితే, షుగర్ అదుపులోకి వస్తే మెడ దానంతట అదే తేటపడుతుంది.

"క్రీము వాడినన్నాళ్ళు బాగుంది, ఆపితే ముఖం ఎర్రగా మండుతోంది"

ఇది ఇంటి చిట్కా కాదు, కానీ ఇంటి చిట్కా పని చేయలేదని ఎక్కువమంది వెళ్ళేది ఈ ట్యూబు దగ్గరికే. మా ఆడపడుచు కూతురికి మంగు మచ్చలని ఒక మందుల షాపులో అడిగితే ట్యూబు ఇచ్చారు. మూడు వారాల్లో ముఖం గాజులా మెరిసింది. నాలుగో నెలకి ఎండలోకి వెళ్తే మంట, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, పై పెదవి మీద నూగు. ఆపితే రెండు రోజుల్లో ముఖం నిప్పులా అయింది, భయపడి మళ్ళీ రాసింది.

ట్యూబు వెనక చూడండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. పేరూ, లోపల ఏముందో రాసీ లేని డబ్బా క్రీము అయితే అసలు ముట్టుకోకండి.

నెలల తరబడి వాడి ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, ట్యూబు చేతిలో పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఎలా తగ్గించాలో వాళ్ళు చెప్తారు. ఖర్చు భయం ఉంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంది. మా పిల్ల తేరుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఇప్పటికీ ఎండలోకి గొడుగు లేకుండా వెళ్ళదు.

"బొట్టు పెట్టుకునే చోట దురద"

స్టిక్కర్ బొట్టు జిగురే కారణం, చాలాసార్లు. దురద ఉండగా దాని పక్కనే ఇంకో స్టిక్కర్ పెట్టకండి, కొన్నాళ్ళు పూర్తిగా మానేయండి. అంటించిన బిళ్ళంత మేర చర్మం తెల్లబడటం మొదలైతే మాత్రం ఆ వారంలోనే చూపించుకోండి, ఆ జిగురులోని రసాయనాలు కొందరిలో చర్మానికి రంగునిచ్చే కణాలనే చంపేస్తాయి. తొందరగా ఆపితే రంగు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు కూడా రాత్రి పడుకునే ముందు బొట్టు తీసేయండి, తీసినదాన్ని అద్దానికి అంటించి పొద్దున్న మళ్ళీ అదే పెట్టుకోకండి.