బేస్ పెంచితే డోర్ జర్రుమంటోందా? స్పీకర్ మార్చేముందు ఇవి చూడండి

పాటలో బేస్ వచ్చినప్పుడల్లా కారు డోర్‌లోంచి జర్రుమనో టకటకమనో వినిపిస్తే చాలామంది నేరుగా రేకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు కొనేస్తారు. దయచేసి ముందు డోర్ పాకెట్ ఖాళీ చేయండి. నీళ్ల సీసా, చిల్లర, కళ్లద్దాలు, టోల్ రసీదులు అన్నీ తీయండి. అద్దానికి వేలాడే పూసల దండ, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, అద్దాలకు తగిలించిన సన్‌షేడ్ కూడా. ఈ ఒక్క పని చేయకుండా షాపుకు వచ్చి డోర్ విప్పించుకునేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

అయినా మోగుతుంటే బండి ఆపి, ఏసీ కట్టేసి, ఒకే స్వరాన్ని ఆపకుండా మోగించే టోన్ జనరేటర్ యాప్‌ను ఫోన్‌లో తెరిచి, కారు స్టీరియోలో వినిపించండి. 30 హెర్ట్జ్ నుంచి 200 దాకా మెల్లగా పెంచుతూ పోండి. వాల్యూమ్ మామూలుగానే ఉంచండి, ఒకే టోన్ గట్టిగా ఎక్కువసేపు నడిస్తే స్పీకర్ కాయిల్ వేడెక్కుతుంది. ఎక్కడ మోగిందో అక్కడే ఆపి, డోర్ ప్యాడ్ (లోపలి వైపు ప్లాస్టిక్ పలక) మీద అంగుళం అంగుళం చేత్తో నొక్కుతూ రండి.

నొక్కితే ఆగిపోతోంది

ప్యాడ్ క్లిప్పులు విరిగాయి, లేదా పూర్తిగా కూర్చోలేదు. ఒకసారి ప్యాడ్ ఊడదీసిన బండిలో ఇది మామూలే. పాత క్లిప్పు చేత్తో పట్టుకెళ్లి అదే సైజు కొనండి. విరిగినవన్నీ మార్చండి, ఫెవిక్విక్‌తో అతికించకండి.

అద్దం సగం దించితే మోత మారుతోంది

అద్దం జారే రబ్బరు అరిగింది, లేదా అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ బోల్టు వదులైంది.

వాల్యూమ్ పెంచితేనే, అన్ని డోర్లలోనూ పగిలినట్టు వస్తోంది

అది డోర్ మోత కాదు, చిన్న స్పీకర్ మీద పెద్ద భారం. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ రెండూ ఆపండి. స్టీరియోలో హై పాస్ ఫిల్టర్ (లోతైన బేస్‌ను స్పీకర్‌కు పోనివ్వని సెట్టింగ్) ఉంటే డోర్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి.

ప్యాడ్ విప్పితే మోత లేదు, బిగిస్తే మళ్లీ వస్తోంది

మమ్మల్ని బాగా ఏడిపించేది ఇదే. స్పీకర్ మార్చినా పోదు, షీట్ అతికించినా పోదు, కొత్త ఆంప్లిఫయర్ పెట్టినా పోదు. విప్పి వినిపిస్తే స్పీకర్ శుభ్రంగా పాడుతుంది, దాంతో తప్పు క్లిప్పులదేనని అనుకుంటారు. అవి మార్చినా అదే జర్ర్.

కారణం ప్యాడ్‌కూ లోపలి రేకుకూ మధ్య ఉన్న సందులో ఉంటుంది. హ్యాండిల్ కేబుల్, పవర్ విండో వైరు, స్పీకర్ కనెక్టరు, ఇవన్నీ ఆ సందులోంచే పోతాయి. కంపెనీ వీటిని చిన్న చిన్న హోల్డర్లలో బిగించి పంపుతుంది. స్పీకర్ మార్చేవాళ్లు తొందరలో హ్యాండిల్ కేబుల్‌ను హ్యాండిల్‌కు తగిలిస్తారు కానీ మధ్య హోల్డర్‌లో మళ్లీ నొక్కరు. పాత సాకెట్‌కూ కొత్త స్పీకర్‌కూ మధ్య పెట్టిన అదనపు కనెక్టరునైతే అలాగే వేలాడదీస్తారు. ప్యాడ్ లేనప్పుడు వాటికి తగలడానికి ఏమీ ఉండదు. ప్యాడ్ పడగానే గట్టి ప్లాస్టిక్ మీద కొడుతుంటాయి. మోత పుట్టేది స్పీకర్ పక్కనే కాబట్టి చెవికి స్పీకరే దోషిలా వినిపిస్తుంది.

పట్టుకునే గుర్తు ఒకటుంది. అదే టోన్ నడుస్తుండగా లోపలి హ్యాండిల్‌ను కొద్దిగా లాగి పట్టుకోండి. డోర్ లాక్ వేసి, తీసి చూడండి. మోత మారినా ఆగినా కేబుల్ లేదా లాక్ రాడ్డే. ఏ తేడా లేకపోతే వైర్లను అనుమానించండి.

బాగుచేయడం కష్టమేమీ కాదు. ప్రతి వైరునూ, కేబుల్‌నూ దాని హోల్డర్‌లో నొక్కండి. వదులుగా ఉన్న చోట మెత్తటి ఫెల్ట్ టేప్ చుట్టండి, కనెక్టర్లకు ఫోమ్ చుట్టి రేకుకు కట్టండి. నల్ల ఎలక్ట్రికల్ టేప్ వద్దు, మన ఎండలకు దాని జిగురు కారి ఊడిపోతుంది. కేబుల్‌ను మరీ బిగించి కట్టకండి, హ్యాండిల్ లాగినప్పుడు అది స్వేచ్ఛగా కదలాలి. ప్యాడ్ మూసేముందు అద్దం పూర్తిగా దించి ఎత్తి, డోర్ లోపలా బయటా తెరిచి చూసుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా రేకు బొయ్యిమంటోంది

అప్పుడే డ్యాంపింగ్ షీట్. బ్యూటైల్ రబ్బరుదే తీసుకోండి, తారు షీటు ఎండకు మెత్తబడి జారుతుంది, వాసనొస్తుంది. బయటి రేకును లోపలి వైపు తుడిచి ఆరనిచ్చి, మధ్య భాగంలో అతికించి రోలర్‌తో గట్టిగా నొక్కండి. మొత్తం కప్పనక్కర్లేదు. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి, వానాకాలంలో డోర్‌లో నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. రేకు మీది పల్చటి ప్లాస్టిక్ కవరు చింపి వదిలేస్తే అదీ టపటపలాడుతుంది, నీళ్లు కూడా లోపలికొస్తాయి. చిరిగితే కొత్తది వేయండి.

మిగిలినవి అరుదు. స్పీకర్ ముందు భాగంలో కదిలే కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమానంగా నొక్కితే గరగరమంటే కాయిల్ రాసుకుంటోంది, ఆ స్పీకర్ మార్చాల్సిందే. డిక్కీలో సబ్‌వూఫర్ ఉంటే వెనక నంబర్ ప్లేటు చూడండి, దాని వెనక రెండు ఫోమ్ ముక్కలు చాలు.