పాలు పట్టడం కుదరట్లేదా? ముందు తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి

పసిబిడ్డ గుక్కపట్టి ఏడవగానే చూడటానికి వచ్చినవాళ్లలో ఒకరు "తల్లికి పాలు చాలట్లేదు, డబ్బా పాలు తెప్పించండి" అనేస్తారు, ఇంకొకరు తలూపుతారు, సాయంత్రానికల్లా మెడికల్ షాపు నుంచి డబ్బా వచ్చేస్తుంది. చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి తెలియదండీ. ఎన్నిసార్లు ఉచ్చ పోసింది, బరువు ఎంతుంది, ఈ రెండూ చూడాలి.

"ఇంకా పాలు పడలేదు"

రెండో రోజు ఈ మాట అంటే కంగారు పడక్కర్లేదు. మొదట వచ్చేవి ముర్రుపాలు, చెంచాడే వస్తాయి, తొలిరోజు బిడ్డ పొట్టలో ఒక్కోసారికి పట్టేదీ 5 నుంచి 7 మిల్లీలీటర్లే. నిండుగా పాలు పడేది మూడు నాలుగు రోజులకి. సిజేరియన్ అయినా, షుగర్ ఉన్నా, రక్తం బాగా పోయినా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోపు బిడ్డని ఒంటికి ఆనించి పడుకోబెట్టుకుని రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టించండి, పట్టకపోతే చేత్తో చెంచాలోకి పిండి ఆ చుక్కలే నోట్లో వేయండి. ఎంత తీస్తే అంత ఊరతాయి. పంచదార నీళ్లు, గాడిద పాలు వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించకూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇక లెక్క. మొదటి రోజు ఒక తడిగుడ్డ, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ ఐదారు రోజులకల్లా 24 గంటల్లో కనీసం 6. నల్లటి దొడ్డి కూడా ఈపాటికి పసుపుపచ్చగా మారాలి. డైపర్ వేస్తే తడి సరిగ్గా తెలియదు, అందుకే ఒక పొడి డైపర్లో మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి చేత్తో పట్టుకుని చూడండి, తడిసినది ఎంత బరువుంటుందో చేతికి తెలుస్తుంది. మొదటి వారంలో బిడ్డ బరువు కొంచెం తగ్గడం మామూలే కానీ పుట్టినప్పటి బరువులో పదోవంతు తగ్గినా, రెండు వారాలకి మళ్లీ ఆ బరువుకి రాకపోయినా డాక్టరుకి చూపించాలి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బరువు తూయించుకోండి, "బాగానే ఉందమ్మా" అని గుమ్మంలోంచే పంపేయకండి.

పట్టిస్తుంటే ప్రాణం పోయేంత నొప్పి, పగుళ్లు

చాలావరకు కారణం ఒక్కటే, బిడ్డ చనుమొన ఒక్కటే చీకుతోంది. తాగి వదిలాక చనుమొన చూడండి, కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే పట్టు సరిగా లేనట్టే. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి, మెడ తిరిగి ఉండకూడదు, చనుమొనని పై పెదవికి తగిలించి నోరు ఆవులించినంత పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డనే దగ్గరికి తెచ్చుకోవాలి, మీరు వంగకూడదు. గడ్డం రొమ్ముకి ఆని, చుట్టూ ఉన్న నల్లటి భాగం కింది వైపు ఎక్కువగా నోట్లోకి వెళ్లాలి. నొప్పి ఆగకపోతే లాగేయకుండా చిటికెన వేలు పెదవి మూల నుంచి పెట్టి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టండి. కుట్లు లాగుతుంటే పక్కకి తిరిగి పడుకుని పట్టించండి, లేదా బిడ్డని చంక కింద ఇముడ్చుకోండి. పగుళ్లకి చివర్లో వచ్చే పాలే రాసి ఆరనివ్వండి. పట్టు బాగున్నా నొప్పి తగ్గకపోతే బిడ్డ నాలుక కింద అతుకు ఉందేమో పిల్లల డాక్టరుతో చూపించుకోవాలి.

గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేటల్లో ఎటు చూసినా ఆస్పత్రులే, పక్కన కూర్చుని ఇదంతా చూపించే మనిషి మాత్రం తక్కువ. డిశ్చార్జికి ముందే నర్సుని పిలిచి, ఆవిడ ఎదుటే ఒకసారి పట్టించండి.

రొమ్ము రాయిలా గట్టిపడింది

పాలు పడిన కొత్తలో ఇది మామూలే. పట్టించే ముందు గోరువెచ్చటి గుడ్డ కాసేపు వేసి, మెత్తబడేదాకా కొంచెం పిండి పట్టించండి, తర్వాత చల్లటి గుడ్డ. ఎర్రబడి జ్వరం కూడా వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి, పాలు మాత్రం ఆపకండి. "పాలు విరిగిపోయాయి, బిడ్డకి పట్టకు" అనేవాళ్లు ఉంటారు, అది నిజం కాదు.

ఎంతసేపూ నిద్రే

తొలి వారాల్లో మూడు గంటలు దాటితే లేపాల్సిందే. చుట్టిన గుడ్డ విప్పండి, అరికాలు రుద్దండి. పచ్చకామెర్లు ఉన్నా ఇలా మత్తుగా ఉంటారు, దానికి రక్తపరీక్ష కావాలి, ఎండలో పెట్టడం వైద్యం కాదు, మన మే నెల ఎండలో అసలే కాదు. ఎంత లేపినా లేవకపోయినా, తొలి ఐదారు రోజులు దాటాక 8 గంటలు ఉచ్చ పోయకపోయినా, మాడు లోపలికి పోయినా, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

నిజంగానే చాలట్లేదు

అవుతుంది, కొందరికి ఎంత చేసినా అవుతుంది, అందులో తల్లి తప్పేమీ లేదు. ముందు మీరు పిండిన పాలు, చాలకపోతే డాక్టరు చెప్పినంత డబ్బా పాలు. 1992 చట్టం ప్రకారం వీటికి ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు, కాబట్టి ఎవరైనా ఊరికే చేతిలో పెడితే తీసుకోకండి. మరిగించిన నీళ్లని అరగంట లోపే, ఇంకా వేడిగా ఉండగానే పొడిలో కలిపి, తర్వాత చల్లార్చి పట్టాలి. డబ్బా మీద రాసిన కొలతే వేయండి, త్వరగా అయిపోతోందని నీళ్లు ఎక్కువ పోస్తే బిడ్డకి ప్రమాదం. తాగగా మిగిలింది పారబోయండి. సీసా కంటే మన ఉగ్గుగిన్నె నయం, కడిగి మరిగించడం తేలిక. బిడ్డని కాస్త కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె కొన పెదవికి ఆనించి తనే గుటక వేసేలా పట్టండి, గొంతులోకి పోయకండి. డబ్బా పాలు పట్టిన ప్రతిసారీ మీరూ పాలు పిండండి, లేకపోతే ఉన్నవీ తగ్గిపోతాయి.

తల్లి సంగతి

నీళ్లు తాగితే పొట్ట వస్తుందని బాలింతని దాహంతో మాడ్చేయడం ఇంకా మానలేదు మనవాళ్లు. దాహం వేసినప్పుడల్లా తాగాలి. గుంటూరు కారం తిన్నా బిడ్డకేమీ కాదు, పథ్యం పేరుతో కడుపు మాడ్చుకోవద్దు. బిడ్డకి మాత్రం ఆరు నెలలు నిండేదాకా ఎండాకాలంలోనూ విడిగా నీళ్లు అక్కర్లేదు. పాలు పిండిన గిన్నెలు కడగడం, రాత్రి బిడ్డకి తేన్పు తీయించడం, చూడటానికి వచ్చినవాళ్లని త్వరగా సాగనంపడం భర్త పని. పాల టెన్షన్‌తో రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, బిడ్డని చూడాలనిపించకపోయినా మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు.