మన చేలో పండింది మనమే అమ్ముకోవాలంటే ఏం కావాలి (తిరుపతి, చిత్తూరు చిన్న రైతులకి)

అన్నలూ అక్కలూ, నేనేం ఆఫీసర్ని కాదు, చంద్రగిరి పక్కన ఎకరంన్నరలో వంకాయ, టమోటా, అనపకాయ, ఆకుకూరలు వేసేవాణ్ణి. మండీకి తోలితే కమీషను, తరుగు, హమాలీ, ఆటో బాడుగ అన్నీ పోయి చేతికి చిల్లర మిగిలేది, అందుకే మూడేళ్ళుగా సొంతంగా అమ్ముకుంటా ఉండా. మొదట్లో ఏ కాగితం కావాలో తెలీక ఊరికే తిరిగినా, మీరు తిరక్కుండా ఇది రాస్తా ఉండా.

ముందు ఒకటి తెలుసుకోండి. కోసింది కోసినట్టు అమ్మితే కాగితాల గోల పెద్దగా లేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం రైతుకీ, చేను దగ్గర పండిన పంటకీ వర్తించదని అందులోనే రాసుంది, కాబట్టి వంకాయలకి ఫుడ్ లైసెన్సు అక్కర్లేదు. సొంతంగా పండించింది అమ్ముకుంటే జీఎస్టీ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. అదే టమోటాని ఊరగాయ పెట్టి సీసాలో పోసినా, చెనక్కాయలు గానుగాడించి నూనె అమ్మినా లెక్క మారిపోతుంది, దాని గురించి కింద చెప్తా.

ఎక్కడ అమ్మాలంటే నా ఓటు రైతు బజారుకే. 1999 నుంచి ఉండేవే ఇవి, తిరుపతిలో ఆర్సీ రోడ్డులో ఉంది కదా. అంగడికి బాడుగ లేదు, దళారీ లేడు, ఆ రోజు రేట్లు బోర్డు మీద రాస్తారు. కాకపోతే గుర్తింపు కార్డు ఉండాల, మీరు నిజంగా సాగు చేస్తున్నారా లేదా అని అధికారులు చూసుకున్నాకే ఇస్తారు. పొలం పాస్ బుక్కు, ఆధార్ జిరాక్సులు, ఫోటోలు పట్టుకుని బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ దగ్గరికే నేరుగా పోండి, మధ్యలో ఎవరో చేయిస్తానంటే డబ్బులివ్వొద్దు.

సంతలో అయితే ఆశీలు (కూర్చుని అమ్ముకునేందుకు రుసుము) కట్టాలి, రసీదు అడిగి తీసుకోండి, లేకుంటే మధ్యాహ్నానికి ఇంకొకడొచ్చి మళ్ళీ అడుగుతాడు. టౌన్లో రోడ్డు పక్కన రోజూ కూర్చునేవాళ్ళు మున్సిపాలిటీలో వీధి వ్యాపారుల సర్టిఫికెట్ అడగండి, దానికి 2014 చట్టం ఉంది.

ఇప్పుడు నేను దెబ్బతిన్న సంగతి. ఆన్‌లైన్లో చవగ్గా వస్తోందని ఎలక్ట్రానిక్ కాటా కొన్నా, దానికి తూనికలు కొలతల శాఖ వాళ్ళు పరీక్షించి వేసే సీలు ఉండాలని నాకేం తెలుసు. ఒక సంతలో తనిఖీకి వచ్చి కాటా పట్టుకుపోయినారు, ఫైను వేరే. ఆ రోజు పక్కనున్న అవ్వ తరాజు అడుక్కుని అమ్మినా, ఆమె పది కేజీలు అమ్మే టయానికి నేను మూడు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, తూకం రాళ్ళకి రెండేళ్ళకోసారి సీలు వేయించాల. ఆ సర్టిఫికెట్ కవర్లో పెట్టి కాటాకే కట్టేసినా ఇప్పుడు.

ఊరగాయలు, నూనె, పొడుల సంగతి. చిన్న వ్యాపారమైతే పెద్ద లైసెన్సు వద్దు (నేను కట్టినప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అనేవాళ్ళు), ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్రం ఆహార భద్రత సంస్థ, దాని రిజిస్ట్రేషన్ చాలు, వాళ్ళ ఫాస్కాస్ సైట్లో ఫోటో, ఐడీ పెట్టి ఫారం ఏ నింపితే సరి, నేను కట్టినప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. వచ్చిన 14 అంకెల నంబరు లేబుల్ మీద వెయ్యాల, దాంతోపాటు పేరు, అడ్రసు, ఏం కలిపినారో, బరువు, ప్యాక్ చేసిన నెల, ఎమ్మార్పీ, ఫోన్ నంబరు. నూనె మాత్రం లూజుగా అమ్మొద్దు, ప్యాకింగ్ తప్పనిసరి. బెల్లం, చెనక్కాయ ఉండలు పేపర్లో చుట్టి ఇవ్వడం కూడా మానండి, ఆ సిరా కడుపులోకే పోతుంది. 120 మైక్రాన్ల (మందం కొలత) కంటే పల్చటి ప్లాస్టిక్ కవర్లు 2022 డిసెంబర్ 31 నుంచే నిషేధం, అందుకే గుడ్డ సంచి తెచ్చుకోమనండి.

మామిడి కాలం వస్తే ఇంకో కథ. బేనీషా తొందరగా పండాలని కార్బైడ్ రాయి పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది పూర్తిగా నిషేధం, దొరికితే కేసే. కాయ పండించే ఇథిలీన్ గ్యాసుకి 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకి వంద) దాకా అనుమతి ఉంది, ఆ గ్యాసు వదిలే ప్యాకెట్ వాడినా కాయకి తగలకూడదు. నా మాట వింటే కాయ బలిసినాక కోసి వరిగడ్డిలో వెయ్యండి, నాలుగైదు రోజులు ఆలస్యమైనా పండు వాసన చూసి జనమే వెనక్కొస్తారు.

ఆర్గానిక్ అని బోర్డు పెట్టేవాళ్ళకి, చిన్న రైతు సొంత పంటని తినేవాళ్ళకే నేరుగా అమ్మితే ఆర్గానిక్ ఆహారం మీద వచ్చిన 2017 రూల్స్‌లో సర్టిఫికెట్ మినహాయింపు ఉంది, కానీ జైవిక్ భారత్ అనే ఆర్గానిక్ గుర్తు (లోగో) వాడకూడదు. అంగళ్ళకి వెయ్యాలంటే మాత్రం సర్టిఫికెట్ కావాల, కనీసం ఐదుగురు రైతులు కలిసి పీజీఎస్ గ్రూపు (రైతులే ఒకరి చేను ఒకరు చూసి సర్టిఫై చేసుకునే పద్ధతి) కట్టండి, అది తక్కువ ఖర్చు.

డౌటుంటే ఊర్లో రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు. ఊరగాయ, పొడుల ట్రైనింగ్ కావాలంటే కరకంబాడి దగ్గర రాస్ సంస్థ కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లో కనుక్కోండి.

మొదటి రోజు ఆకుకూర యాభై కట్టలకి మించి కొయ్యొద్దు. నేను రెండొందలు కోసి, నూట ఇరవై ఆవుకి వేసినా.