పొట్టలో జిగురు క్యాన్సర్: రిపోర్టులు చదవడం నేర్చుకుందాం (4వ పాఠం – పదమూడు గళ్ల లెక్క)

పోయిన పాఠంలో బయాప్సీ రిపోర్టు చూశాం. జిగురులో కణాలు ఉన్నాయా, ఉంటే లో గ్రేడా (నెమ్మదిగా పెరిగేవి), హై గ్రేడా (వేగంగా పెరిగేవి), సిగ్నెట్ రింగ్ కణాలు (ఉంగరంలా కనిపించే దూకుడు కణాలు) కనిపించాయా అన్నది అందులో తేలుతుంది. ఆ కాగితం దగ్గరే ఉంచుకోండి, ఈరోజూ పని పడుతుంది.

సూడోమిక్సోమా పెరిటోనై (ఈ జిగురు క్యాన్సర్ వైద్య నామం) అని తేలాక సర్జన్ నోట వినిపించే అంకె పీసీఐ, అంటే పెరిటోనియల్ క్యాన్సర్ ఇండెక్స్: పొట్ట లోపలి పొర మీద క్యాన్సర్ ఎంత పరుచుకుందో చెప్పే లెక్క. 'పీసీఐ 28' అనగానే ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోతాయి. ఆ అంకె ఎలా వచ్చిందో తెలిస్తే ఆ భయంలో కొంతైనా తగ్గుతుంది.

తెల్ల కాగితం మీద పొట్ట బొమ్మ గీయండి. పక్కటెముకల అంచు దగ్గర ఒక అడ్డగీత, తుంటి ఎముకల ముందు మొనల దగ్గర ఇంకొకటి, వాటి మీదుగా రెండు నిలువు గీతలు. తొమ్మిది గళ్లు వస్తాయి. పేషెంటు మీకు ఎదురుగా ఉన్నట్టు అనుకోవాలి, అంటే ఆయన కుడి వైపు మీ ఎడమకు వస్తుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బొడ్డున్న నడిమి గడి 0. కాలేయం ఉన్న కుడి పై గడి 1. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగినట్టే: నడిమి పై గడి 2, ప్లీహం ఉన్న ఎడమ పై గడి 3, ఎడమ పక్క 4, ఎడమ కింద 5, పెల్విస్ (కటి భాగం) 6, అపెండిక్స్ ఉండే కుడి కింద 7, కుడి పక్క 8. మిగతా నాలుగూ చిన్నపేగువి: జెజునమ్ పై, కింది భాగాలు 9, 10, ఇలియమ్ పై, కింది భాగాలు 11, 12.

ప్రతి గడిలో అన్నిటికన్నా పెద్ద గడ్డ ఒక్కదాన్నే కొలవాలి. ఏమీ లేకపోతే 0. అర సెంటీమీటరు వరకు 1. అది దాటి 5 సెంటీమీటర్ల వరకు 2. అంతకు మించినా, గడ్డలన్నీ అతుక్కుని అట్టకట్టినా 3. గడ్డలు ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. పదమూడు గళ్లూ కూడితే గరిష్ఠం 39.

ఇప్పుడు రెండు లెక్కలు చేయండి. 0 నుంచి 12 దాకా వరసగా:

మొదటి పేషెంటు: 3, 3, 2, 3, 1, 1, 3, 3, 2, 0, 0, 0, 1
రెండో పేషెంటు: 3, 2, 1, 1, 1, 1, 2, 2, 1, 2, 2, 2, 2

రెండూ 22 వస్తాయి. అయినా ఈ ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు. చివరి నాలుగు గళ్లు చూడండి. ప్లీహం, పిత్తాశయం, ఓమెంటమ్ (పేగుల ముందు వేలాడే కొవ్వు పొర), గర్భసంచి, పెద్దపేగులో కొంత తీసేసినా మనిషి బతుకుతాడు. చిన్నపేగు చాలినంత మిగలకపోతే తిన్నది ఒంటికి పట్టదు. లో గ్రేడ్ జిగురు సాధారణంగా మొదటి పేషెంటులోలాగే పరుచుకుంటుంది: ఎప్పుడూ కదిలే చిన్నపేగు మీద నిలవలేక, ద్రవం ఇంకే డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) కింద, ఓమెంటమ్‌లో, బరువుకు జారే పెల్విస్‌లో పేరుకుంటుంది. అందుకే పెద్దపేగు క్యాన్సర్ పాకినవాళ్లకు 20 దాటితే ఆపరేషన్‌కు సాధారణంగా వెనకాడతారు కానీ, లో గ్రేడ్ జిగురు క్యాన్సర్‌కు ఆ గీత వర్తించదు. మీ బయాప్సీ కాగితం పక్కన పెట్టుకుని చదవమన్నది అందుకే.

సీటీలో కట్టిన పీసీఐని చివరి మాటగా తీసుకోవద్దు. పేగు మీది చిన్న చిన్న గడ్డలు సీటీకి చిక్కవు, పొట్ట తెరిచాకే అసలు అంకె తేలుతుంది. ఇంకో చిక్కు: రిపోర్టులో ఉత్తి 'అసైటిస్' (కడుపులో నీరు) అని రాసి వదిలేస్తారు. నీరైతే సూదికి సులువుగా వస్తుంది. సగ్గుబియ్యం జావలా చిక్కబడ్డ జిగురు రాదు. కాలేయం అంచు నొక్కుకుపోయి అలల్లా కనిపిస్తే దాన్ని స్కాలపింగ్ అంటారు, ఆ మాట కోసం రిపోర్టు వెతకండి. కడుపులో నీరనగానే మన దగ్గర ముందు టీబీ అనుమానం వస్తుంది. అందుకు కారణం లేకపోలేదు. కానీ రుజువు లేకుండా నెలల తరబడి టీబీ మందులు వాడితే ఆ నెలలన్నీ జిగురు పెరుగుతూనే ఉంటుంది.

సీటీ అమీర్‌పేటలో తీయించినా, దిల్‌సుఖ్‌నగర్‌లో తీయించినా ఫిల్ములతో సరిపెట్టుకోకండి, సీడీ అడిగి తీసుకోండి. రెండో అభిప్రాయానికి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జేకి వెళ్లినా, బంజారాహిల్స్‌లోని బసవతారకానికి వెళ్లినా సీడీతో పాటు బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకులు (బయాప్సీ ముక్కను మైనంలో నిలవ ఉంచినవి) కూడా వెంట ఉండాలి.

3వ గడిలో 3 ఉంటే ప్లీహం తీయాల్సి రావచ్చు. న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వీలైతే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే వేయించాలి కాబట్టి, తేదీ ఖాయం చేసే రోజే ఈ మాట సర్జన్‌ను అడగండి.

ఆపరేషన్ అయ్యాక వచ్చే కాగితంలో పీసీఐ కన్నా ముఖ్యమైనది సీసీ స్కోరు, అంటే గడ్డలు ఎంతవరకు తీసేయగలిగారో చెప్పే అంకె. కంటికి ఏమీ మిగలకపోతే సీసీ-0, మిగిలినవి 2.5 మిల్లీమీటర్లలోపే ఉంటే సీసీ-1. హైపెక్‌లో (ఆపరేషన్‌లోనే పొట్టలోకి వేడి కీమో మందు పంపే పద్ధతి) 41–43 డిగ్రీల వేడితో 60 నుంచి 90 నిమిషాలు పొట్టలో తిప్పే మందు గడ్డలోకి రెండు మూడు మిల్లీమీటర్లే దిగుతుంది. 2.5 అన్న కొలతకు అర్థం అక్కడుంది. వచ్చే పాఠం హైపెక్ గురించే. ఈలోగా మీ సీటీ రిపోర్టు నుంచి పదమూడు గళ్లూ నింపి, తెలియని గడిలో ప్రశ్నార్థకం పెట్టి, ఆ కాగితం డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.