నెలల సరుకు ఒకేసారి తెచ్చుకునే ముందు

డబ్బు చూసి వాడుకోవాల్సిన పరిస్థితి వస్తే చాలామందికి ముందుగా తట్టేది సరుకులు ఎక్కువ మొత్తంలో కొనిపెట్టుకోవడమే. మంచి ఆలోచనే. బియ్యం, పిండి, పప్పులు, నూనె ఇంట్లో ఉంటే నెలాఖరులో చేతిలో పైసా లేకపోయినా పొయ్యి వెలుగుతుంది, బయటి తిండి ఖర్చూ తగ్గుతుంది. అయితే ఎంత మిగిలిందో కొట్లో బిల్లు చూస్తే తెలియదు. పది కిలోలు కొని రెండు కిలోలు పురుగుల పాలు చేస్తే, ఎనిమిది కిలోలకే పది కిలోల డబ్బు కట్టినట్టు. అందుకే సంచి ఇంటికి చేరకముందే కొన్ని చూసుకోవాలి.

మొదట చూసుకోవాల్సింది మీ ఇంటి వాడకం. ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాసిపెట్టండి, అయిపోయిన రోజు చూడండి. ఒక్క నెల ఇలా చేస్తే దేనికి ఎంత పడుతుందో తేలిపోతుంది. రోజుకు 400 గ్రాముల బియ్యం వండే ఇంటికి నెలకు 12 కిలోలు చాలు. ఆ ఇంటికి 50 కిలోల బస్తా తెస్తే నాలుగు నెలలకు పైగా దాన్ని కాపాడుకోవాలి. అంత చోటు, పొడి గది, మూత గట్టిగా పట్టే డబ్బాలు ఉంటే సరే, లేకపోతే వద్దు. ఇంకో విషయం, పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదు. ధరను బరువుతో భాగించి కిలో ఎంత పడుతుందో చూసుకోండి. ఇంట్లో ఎప్పుడూ వండని దినుసును ఆఫర్ ఉందని బస్తాలో తేవద్దు, ముందు అరకిలో వండి చూడండి. ఉన్న డబ్బంతా నిల్వ సరుకు మీదే పెడితే కూరగాయలకు, పండ్లకు మిగలదు. అది ఆరోగ్యానికి మంచిది కాదు.

అన్నీ ఒకే కాలం నిలవవు. పాలిష్ పట్టిన బియ్యం చెమ్మ, పురుగు చేరకుండా ఉంటే ఏళ్లు నిలుస్తాయి. దంపుడు బియ్యం అలా కాదు, పైపొరలో నూనె ఉంటుంది కాబట్టి ఆరు నెలల్లోపే వాసన పడతాయి. ముడి గోధుమపిండి మామూలు గదిలో నెల నుంచి మూడు నెలలు. గింజగా ఎక్కువ కాలం ఉండేది పిండి పట్టించాక ఉండదు, మసాలాలూ అంతే. అందుకని పొడులు తక్కువగా, గింజలు ఎక్కువగా కొనడం మేలు. ఉప్పు, పంచదార పాడవవు కానీ, అయోడిన్ కలిపిన ఉప్పుకు మూత తప్పనిసరి. చెమ్మకు అయోడిన్ తగ్గిపోతుంది.

ఇక పురుగు. మూత గట్టిగా పెట్టినా ఎక్కడి నుంచి వచ్చాయని చాలామంది ఆశ్చర్యపోతారు. తరచుగా అవి గింజతోపాటే ఇంట్లోకి వస్తాయి. ముక్కు పురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. పైకి గింజ బాగానే కనిపిస్తుంది. పిల్ల పురుగు లోపలే గింజను తింటూ పెరుగుతుంది. 30 డిగ్రీల వేడిలో నెల రోజులకు అటూ ఇటూగా పెద్ద పురుగై బయటికొస్తుంది. అంటే, తెచ్చిన రోజు శుభ్రంగా ఉన్న సరుకు నెల తర్వాత కదలడం మొదలుపెట్టడంలో వింత లేదు. కొనేటప్పుడు గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పరచి చూడండి. రంధ్రాలు, తెల్లటి పొడి, గింజలను అంటించే సన్నని దారాలు ఉంటే ఆ సరుకు వదిలేయండి. ఫ్రీజర్‌లో చోటుంటే చిన్న ప్యాకెట్లను మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక వెంటనే విప్పకండి. చల్లటి గింజల మీద గాలిలోని తేమ నీరై పడుతుంది. గది వేడికి వచ్చాక విప్పి డబ్బాలో పోయండి. ఎండబెట్టిన గింజలకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. వేడి మీద డబ్బాకెత్తితే మూత లోపలివైపు చెమట పడుతుంది, అక్కడి నుంచి బూజు మొదలవుతుంది.

పాత సరుకు మీద కొత్తది పోయడం మానండి. పాతది ముందు అవగొట్టి, డబ్బా కడిగి, మూలల్లోని తడి కూడా పూర్తిగా ఆరాకే కొత్తది నింపండి. బస్తాలు నేల మీద, గోడకు ఆనించి పెట్టకుండా బల్ల మీద ఎత్తుగా ఉంచితే చెమ్మ ఎక్కదు, ఎలుకలు వచ్చినా తెలుస్తుంది.

దయచేసి ఈ ఒక్క మాట వినండి. ధాన్యం గోదాముల్లో పురుగుకు వాడే మాత్రలను ఇంట్లోకి రానివ్వకండి, ఎవరు చెప్పినా సరే. అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే ఆ మందు గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. అది సందుల్లోంచి పక్కగదికీ పాకుతుంది, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయిన ఇళ్లున్నాయి. దానికి విరుగుడు మందు లేదు. బస్తా సరుకు మొత్తం పారబోయాల్సి వచ్చినా నష్టం డబ్బే. పురుగుమందులు, రంగులు వచ్చిన డబ్బాలను ఎంత కడిగినా వాటిలో తిండి సరుకు పోయకండి.

కొద్దిగా పురుగు పట్టిన బియ్యాన్ని జల్లించి, కడిగి వండుకోవచ్చు. బూజు పట్టినదాన్ని మాత్రం వండకూడదు. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి లాంటివాటికి పట్టే కొన్ని బూజుల నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది, మామూలుగా వండితే పోదు. రంగు మారిన, ముడుచుకుపోయిన, చేదుగా ఉన్న వేరుశనగ గింజలను ఏరి పారేయండి. బూజు చాలా గింజలకు పాకి ఉంటే అన్నీ పారేయాల్సిందే.

నూనెకు శత్రువులు వెలుతురు, వేడి, గాలి. పొయ్యి పక్కన చేతికందేలా పెట్టుకోవడం సులువే కానీ, అక్కడ త్వరగా పాడవుతుంది, మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. పెద్ద డబ్బా చీకటి అలమరలో ఉంచి, చిన్న సీసాలోకి కొద్దికొద్దిగా తీసుకోండి. పాత రంగు డబ్బా వాసన వస్తే ఆ నూనె వాడకండి. ఖర్చు తగ్గుతుందని వెల్లుల్లి కొని నూనెలో వేసి బయట నిల్వ ఉంచేవాళ్లున్నారు. గాలి తగలని ఆ నూనెలో బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే క్రిమి విషం పుట్టించగలదు. ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయాలి. ఉబ్బిన, కారుతున్న టిన్నులదీ అదే ప్రమాదం, రుచి చూడకుండా పారేయండి.

బంగాళాదుంపలను చీకట్లో, ఉల్లిపాయలకు దూరంగా పెట్టండి. ఆకుపచ్చగా మారినవాటిని, చేదుగా ఉన్నవాటిని తినకండి.

ఎండు గింజల్లో ఎర్ర రాజ్మా విషయం వేరు. పచ్చిగా, సగం ఉడికి ఉన్నప్పుడు దానిలోని ఒక పదార్థం గంటల్లోనే వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా అరగంట ఉడికించాలి. సన్నటి సెగ మీద రోజంతా పెట్టడం సరిపోదు, తక్కువ వేడికి ఆ విషం ఇంకా పెరగొచ్చు. ఏ గింజలైనా ఏళ్ల తరబడి వేడిలో, చెమ్మలో ఉంటే ఎంతసేపు ఉడికించినా మెత్తబడవు, గ్యాస్ దండగ. అందుకే పప్పుదినుసులు కూడా ఏడాదిలో వాడేసేంతే కొనండి.

ఒకేసారి అన్నీ కొనాలని టెన్షన్ పడకండి. మొదటి నెల వారం వారం వండే వంటలు రాసుకుని, వాటికి తప్పనిసరైన బియ్యం లేదా పిండి, రెండు రకాల పప్పులు, నూనె, ఉప్పు మాత్రమే కాస్త ఎక్కువ తీసుకోండి. తర్వాతి నెలల్లో ఒక్కో మసాలా, ఒక్కో గింజ చేర్చుకుంటూ పోండి. కొత్త డబ్బాలను వెనక్కి, పాతవాటిని ముందుకి సర్దండి. పక్షానికోసారి మూతలన్నీ తీసి వాసన చూడండి. దేంట్లోనైనా ముక్కిన వాసన మొదలైతే ఆ డబ్బాను ఆ రోజే ఖాళీ చేసి పరిశీలించండి.